కాల్షియం ప్రొటీన్ల పరిశోధన: ఉడుంపట్టు మేలా, ఊరంతా చుట్టడం మేలా?

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ముగించి, నెట్ ఫెలోషిప్ సంపాదించి, కాల్షియాన్ని పట్టుకునే ప్రొటీన్ల మీద పనిచేయాలనుకునేవారు మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఒకే ప్రొటీనును పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చోవాలా? ఒక కుటుంబానికి చెందిన ప్రొటీన్లన్నిటినీ చూసి వాటి ఉమ్మడి లక్షణాన్ని వెతకాలా? లేక ఆ రెండూ వదిలేసి కాల్షియాన్ని కొలిచే పనిముట్లు తయారుచేయాలా? మూడు దారుల్లోనూ గొప్పవాళ్లున్నారు. కానీ కొత్తగా చేరేవారికి మూడూ ఒకటేనని మాత్రం నేను అనను.

ముందు, ఈ ప్రొటీన్ల మీద ఇంత ఆసక్తి ఎందుకో చూద్దాం. విశ్రాంతిగా ఉన్న కణం లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం గాఢత సుమారు 100 నానోమోలార్ (మిల్లీమోలార్‌లో పదివేలో వంతు). కణం బయట ఒక మిల్లీమోలార్‌కు పైనే. అంటే తేడా దాదాపు పదివేల రెట్లు. ఏదైనా సంకేతం అందినప్పుడు లోపలి కాల్షియం కాసేపు పెరుగుతుంది. ఆ కాస్త పెరుగుదలను పసిగట్టి కండరాన్ని ముడిపించేవీ, నాడీకణం చేత రసాయనాన్ని విడుదల చేయించేవీ ఈ ప్రొటీన్లే. ఈ శాస్త్రం పుట్టుకే ఒక కల్తీతో ముడిపడి ఉంది. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ పరీక్షించిన కప్ప గుండె, కుళాయి నీటితో చేసిన ఉప్పు ద్రావణంలో చక్కగా కొట్టుకుంది. స్వేదనజలంతో చేసిన ద్రావణంలో నిలబడలేకపోయింది. కుళాయి నీటిలో ఉన్న కాల్షియమే ఆ తేడాకు కారణమని ఆయన 1883లో ప్రకటించాడు.

ఉడుంపట్టు దారికి నేను మొదట చెప్పే పేరు వై యియు చ్యూంగ్. అమెరికాలో ఆయన పరిశోధిస్తున్న ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే మెదడు ఎంజైముకు ఒక చిత్రమైన గుణం ఉండేది: శుద్ధి చేసేకొద్దీ పని తగ్గిపోయేది. ఎంజైము చెడిపోయిందనుకుని వదిలేయడానికి అది చాలు. ఆయన శుద్ధిలో విడిపోయిన భాగాన్ని తిరిగి కలిపి చూశాడు. పని మళ్లీ పుంజుకుంది. పారబోయవలసిన దాంట్లో ఎంజైమును ఉత్తేజపరిచే మరో ప్రొటీను ఉందని 1970లో ప్రచురించాడు. అదే ఏడాది జపాన్‌లో షిరో కాకియుచి కూడా విడిగా అక్కడికే చేరుకున్నాడు. ఇప్పుడు దాన్ని కాల్మోడ్యులిన్ అంటున్నాం. 148 అమైనో ఆమ్లాలు, నాలుగు కాల్షియం అయాన్లు పట్టే చోటు, మరిగించినా తట్టుకునే ఒళ్లు.

క్లాడ్ క్లీ కథ ఇంకా బాగుంటుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఆమె కాల్మోడ్యులిన్‌కు అంటుకునే ప్రొటీన్లను వెతుకుతూ, మెదడులో దొరికిన ఒకదానికి 1979లో సహచరులతో కలిసి కాల్సిన్యూరిన్ అని పేరు పెట్టింది. అది ఏం చేస్తుందో అప్పటికి తెలియదు. ఇతర ప్రొటీన్ల నుంచి ఫాస్ఫేటును తొలగించే ఎంజైమని 1982లో తేలింది. అవయవ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్, ఎఫ్‌కే506 మందులు అణచేది దీన్నేనని 1991లో బయటపడింది. పేరు పెట్టినప్పుడు ఏ ప్రాజెక్టు దరఖాస్తులోనూ ఈ ముగింపును రాసి ఉండేవారు కాదు. ఒక్కదాన్ని వదలకుండా పట్టుకోవడంలో ఉన్న లాభం ఇదే. అది ఎటు తీసుకెళుతుందో దానికి తప్ప మరెవరికీ తెలియదు.

నష్టమూ ఉంది. పేరున్న ప్రొటీను చుట్టూ జనం మూగుతారు. కాల్మోడ్యులిన్ ఆకారం సంగతే చూడండి. 1985లో అలబామాలో యార్లగడ్డ ఎస్. బాబు, చార్లెస్ బగ్, విలియం కుక్ తదితరులు స్ఫటికం ద్వారా దాని త్రిమితీయ రూపాన్ని చూపారు. రెండు గుండ్లు, మధ్యలో పొడవాటి నిటారు కడ్డీ. 1992లో అమెరికాలో యాడ్ బాక్స్ బృందం ఎన్‌ఎంఆర్‌తో (ద్రావణంలోని అణువుల ఆకారాన్ని అయస్కాంత క్షేత్రంలో చూసే పద్ధతితో) చూస్తే ద్రావణంలో ఆ కడ్డీ నిటారుగా నిలవనే లేదు, మధ్యలో మెత్తగా వంగుతోంది. అదే ఏడాది, ఒక పెప్టైడును (పొట్టి ప్రొటీను ముక్కను) పట్టుకున్నప్పుడు రెండు గుండ్లూ దాని చుట్టూ ముడుచుకుంటాయని ఎన్‌ఎంఆర్ బృందమూ స్ఫటిక బృందమూ చూపాయి. స్ఫటికం తప్పు చెప్పలేదు. గడ్డకట్టిన ఒక్క భంగిమను చెప్పింది. ఇంతమంది ఒకేచోట తవ్వుతుంటే కొత్తగా చేరిన విద్యార్థికి మిగిలేది తక్కువ. బాబు ఆ తర్వాత బయోక్రిస్ట్ కంపెనీలో ఫ్లూ మందు పెరామివిర్ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. ప్రొటీను మారింది, స్ఫటికాల చేతిపని మారలేదు. ఇంటిపేరు చూసి తెలుగు విద్యార్థులు గర్వపడితే పడవచ్చు కానీ, నేర్చుకోవలసింది ఆ చేతిపని విలువ.

ఇక ఊరంతా చుట్టేవారి దారి. రాబర్ట్ క్రెట్సింజర్ మొదలుపెట్టింది కార్ప్ చేప కండరంలోని పార్వాల్బ్యూమిన్ అనే ఒక్క ప్రొటీనుతోనే. 1973లో దాని నిర్మాణం ప్రచురించినప్పుడు, ‘ఈ’ (E), ‘ఎఫ్’ (F) అని పేర్లున్న రెండు హెలిక్సులు (మెలికలు తిరిగిన ప్రొటీను భాగాలు) కాల్షియాన్ని ఇముడ్చుకున్న తీరు ఆయన దృష్టిని ఆకర్షించింది. కుడిచేతి చూపుడువేలు చాచి, బొటనవేలు పైకి లేపి, మధ్యవేలు ముడిస్తే ఆ ఆకారం వస్తుంది. ముడిచిన వేలే కాల్షియం కూర్చునే మలుపు. అందుకే దీన్ని ఈఎఫ్ చెయ్యి అంటారు. ఆ మలుపులో పన్నెండు అమైనో ఆమ్లాలు. 1, 3, 5, 7, 9, 12 స్థానాలు పట్టులో పాల్గొంటాయి. పన్నెండోది సాధారణంగా గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లం, రెండు ఆక్సిజన్లను ఒకేసారి అందిస్తుంది. ఈ వరుస ఎక్కడ కనిపిస్తే అక్కడ అదే ‘చెయ్యి’ ఉంటుందని భావించి, 1975లో ఆయన సహచరునితో కలిసి, అప్పటికి నిర్మాణం చూడని ట్రోపోనిన్-సి అనే కండర ప్రొటీను రూపాన్ని ముందే ఊహించి చెప్పాడు. ఒక్కటి చూసి కుటుంబాన్నంతా పట్టుకోవడమంటే ఇదీ.

హైదరాబాద్‌లో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. అక్కడి కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో యోగేంద్ర శర్మ బృందం కంటి కటకంలోని క్రిస్టలిన్లు అనే ప్రొటీన్లను కాల్షియం కోణం నుంచి చూసింది. ఈఎఫ్ చెయ్యి లేకపోయినా గామా-క్రిస్టలిన్ కాల్షియాన్ని పట్టుకుంటుందని 2001లో చూపింది. తర్వాత సూక్ష్మజీవుల్లో ఉన్న దూరపు చుట్టాలను కూడా కలిపి పరిశీలిస్తే, ఈ క్రిస్టలిన్ల బీటా-గామా కుటుంబంలో కాల్షియం కోసం ఒక ఉమ్మడి వరుస ఉందని తేలింది. సూక్ష్మజీవుల ప్రొటీన్లలో చాలావాటికి పట్టు గట్టిగా ఉంటే, మన కంటి ప్రొటీన్లలో సడలింది. కంటి ప్రొటీనును ఒంటరిగా చూస్తే ఆ పట్టు ఎందుకంత బలహీనమో అర్థం కాదు. ఈ పనిలో కుటుంబ దారిదే పైచేయి.

అయితే కుటుంబ దారిలో ఒక ఉచ్చు ఉంది. వరుస కనిపించినంత మాత్రాన పట్టు ఉన్నట్టు కాదు. ఈఎఫ్ చేతులుండే ఎస్100 అనే ప్రొటీన్ల కుటుంబంలోని ఎస్100ఏ10నే తీసుకోండి. చెయ్యి ఆకారం ఉంది, కాల్షియం పట్టుకునే శక్తి పోయింది. కంప్యూటర్ మీద వంద ప్రొటీన్లు పక్కపక్కన పెట్టి ‘ఇవన్నీ కాల్షియం ప్రొటీన్లే’ అనేయడం తేలిక. ఒక్కొక్కటి ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం కష్టం. ఆ కష్టం పడని పేపర్లు మరీ ఎక్కువైపోయాయి.

పనిముట్ల దారి గురించి క్లుప్తంగా చెబుతాను. రోజర్ సియెన్ కాల్షియాన్ని పట్టి లాగేసుకునే ఈజీటీఏ అనే పాత అణువును మార్చి 1980లో బాప్టా అనే కొత్తదాన్ని చేశాడు. 1985లో కాల్షియం తగలగానే వెలుగు లక్షణం మారే ఫ్యురా-2 అనే రంగు వచ్చింది. 1997లో మియావాకి తదితరులతో కలిసి కాల్మోడ్యులిన్‌నే ఇముడ్చుకున్న వెలిగే ప్రొటీన్ను తయారుచేశాడు. 2008లో ఆయన నోబెల్ పంచుకున్నది ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ పనికి. అందరికంటే ఎక్కువ ల్యాబులకు పనికొచ్చింది ఈయన శ్రమే. కానీ సేంద్రియ రసాయనశాస్త్రంలో చెయ్యి తిరిగినవారికే ఈ దారి. బయోకెమిస్ట్రీ చదివి నేరుగా ఇందులో దిగడం రసాయనశాస్త్రాన్ని మళ్లీ మొదటి నుంచి చదవడమే.

ఏ దారిలో నడిచినా, బల్ల దగ్గర కూర్చున్నాక ఎదురయ్యే పోరు ఒకటే: పరిసరాల్లోని కాల్షియం. గాజు సీసా నుంచే కాల్షియం దిగుతుంది. మామూలు బఫరులో (ప్రొటీనును ఉంచే, ఆమ్లత మారని ద్రావణంలో) మైక్రోమోలార్ స్థాయిలో అది ఎలాగూ ఉంటుంది. మీరు కొలవాలనుకున్న పట్టు కూడా ఆ స్థాయిదే అయితే, ప్రొటీను పరీక్ష మొదలవకముందే సగం నిండిపోయి ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ సీసాలు వాడతారు, బఫర్లను కాల్షియాన్ని పట్టి ఉంచే కెలెక్స్ రెసిన్ గుండా పంపుతారు. కాల్మోడ్యులిన్‌ను శుద్ధి చేసేటప్పుడు మాత్రం ఇదే కాల్షియం చేతికి అందివస్తుంది. కాల్షియం కలిపితే ప్రొటీను తన నీటిని ఏవగించే ముఖాన్ని బయటపెట్టి, అలాంటి ముఖాలను పట్టుకునే ఫినైల్-సెఫరోజ్ గుళికల గొట్టానికి (కాలమ్‌కు) అంటుకుంటుంది. మిగతావన్నీ కడిగేశాక ఈజీటీఏ పోస్తే దాదాపు ఒంటరిగా దిగుతుంది. ప్రొటీన్లను విద్యుత్తుతో పరుగెత్తించి విడదీసే ఎస్‌డీఎస్ జెల్ మీద కాల్షియం ఉన్న నమూనా ఈజీటీఏ ఉన్నదానికంటే వేగంగా పరుగెత్తుతుంది. పక్కపక్క గళ్లలో ఆ తేడా కనిపించినప్పుడు పాఠ్యపుస్తకం చెప్పిందేదో కంటికి దొరుకుతుంది.

నా ఓటు ఎటంటే: పీహెచ్‌డీ ఐదేళ్లకూ ఒకే ప్రొటీను. అది కాల్మోడ్యులిన్ కానక్కరలేదు. ఎవరూ సరిగా కొలవని దాని దూరపు చుట్టం అయితే మరీ మంచిది. ఏది కల్తీ, ఏది నిజం అని తేల్చుకునే చూపు వందను పైపైన చూస్తే రాదు. ఒకదాన్ని నెలల తరబడి సతాయిస్తేనే వస్తుంది. కుటుంబ దారి ఆ చూపు వచ్చాక, సొంత ల్యాబు, నలుగురు విద్యార్థులు ఉన్నప్పుడు. 2021 నుంచి ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాము వల్ల ప్రొటీన్ల ఆకారం ఊహించడం చాలా చౌకైపోయింది. ఏ ప్రొటీను ఎంత గట్టిగా కాల్షియాన్ని పట్టుకుంటుందో, ఆ పట్టుతో ఏం మారుతుందో అది చెప్పదు. అందువల్ల ఆకారం ఆధారంగా కుటుంబాల జాబితాలు వేసేవారి విలువ కాస్త తగ్గింది, కొలిచే చేతుల విలువ పెరిగింది.

కాబట్టి ల్యాబు ఎంచుకునేముందు గైడును ఏ ప్రొటీనని అడిగే కంటే కొలత గురించి అడగండి. పట్టును వేడి మార్పుతో కొలుస్తారా, వెలుగుతో కొలుస్తారా, కాల్షియం లేని బఫరు ఎలా తయారుచేస్తారు, ఎలా పరీక్షిస్తారు? ‘కాస్త ఈజీటీఏ కలిపేస్తాం, సరిపోతుంది’ అని జవాబు వస్తే, ఆ ఈజీటీఏ కూడా ప్రొటీనుతో పోటీపడి కాల్షియాన్ని లాక్కుంటుందని గుర్తుంచుకుని, మరో ల్యాబు చూసుకోవడం మంచిది.