పొమ్మన్నందుకు 76 మిలియన్లు: టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఫుట్‌బాల్, ఇన్నేళ్లు వాడాక

జింబో ఫిషర్‌కి టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ ఇంకా డబ్బు కట్టాల్సే ఉంది. ఏడాదికి 7.2 మిలియన్ డాలర్లు, 2031 దాకా. ఆయన్ని అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ పదవి నుంచి తీసేసింది 2023 నవంబరులో. ఈ టీమ్ మీద నాకున్న మిగతా కంప్లయింట్లు సీజన్‌కి ఒకటి చొప్పున చల్లారిపోయాయి. ఇది మాత్రం ఇప్పటికీ అరగలేదు. కింద నేను ఎక్కడ పొగిడినా దీన్ని గుర్తు పెట్టుకునే చదవండి.

ఆట రూల్స్, ఎస్‌ఈసీ అంటే ఏమిటి, స్టేడియంలో ఎంతమంది పడతారు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. నేను ఎమ్మెస్ చేయడానికి ఈ యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో దిగింది 2015లో, ఇక్కడి స్టేడియం కైల్ ఫీల్డ్ మీద దాదాపు 485 మిలియన్లు పోసి కొత్త రూపు తెచ్చిన ఏడాది. మనవాళ్లలో చాలామందిలాగే మొదట్లో నేనూ "ఇదేం ఆట రా, ఐదు సెకన్లు ఆడతారు, ఐదు నిమిషాలు నిలబడతారు" అన్నవాణ్ణే. ఒక సీనియర్ శుక్రవారం రాత్రి మిడ్‌నైట్ యెల్‌కి లాక్కెళ్లాడు. రేపు మ్యాచ్ ఉందంటే ఈ అర్ధరాత్రి వేలమంది స్టేడియానికి వచ్చి అరుపులు ప్రాక్టీసు చేస్తారు. చీర్‌లీడర్లు ఉండరు. తెల్ల బట్టలు వేసుకున్న యెల్ లీడర్లు చేతులతో సైగ చేస్తారు, స్టాండ్ మొత్తం ఒక్కసారి ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి అరుస్తుంది. అంతే, పడిపోయాను.

మ్యాచ్ నడుస్తున్నంతసేపూ స్టూడెంట్స్ ఎవరూ కూర్చోరు. 1922లో ఒక మ్యాచ్‌లో గాయాల వల్ల ఆటగాళ్లు తగ్గిపోతుంటే, కింగ్ గిల్ అనే స్టూడెంట్ డ్రెస్ వేసుకుని, పిలిస్తే దిగుదామని సైడ్‌లైన్‌లో నిలబడ్డాడట. పిలుపు రాలేదు. ఆ నిలబడినందుకే ఆయనకి స్టేడియం దగ్గర విగ్రహం పెట్టారు. ఈ ఊళ్లో ఆడకపోయినా గౌరవం దక్కుతుందనడానికి ఫిషర్ కంటే ముందే ఉదాహరణ ఉందన్నమాట. కాకపోతే గిల్‌కి చెక్కు ఇవ్వలేదు.

స్టేడియం వాతావరణానికి ఒకప్పుడు కళ్లు మూసుకుని ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నాలుగు. నైట్ మ్యాచ్ అయితే నాలుగున్నర. సెప్టెంబరు ఎండలో, మధ్యాహ్నం రెండున్నరకి, మూడో డెక్‌లో అయితే దాని గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. అయినా లక్షమంది గొంతు చించుకున్నంత మాత్రాన మన క్వార్టర్‌బ్యాక్ వేసే పాస్ తిన్నగా పోదు కదా.

ఇక కాంట్రాక్టు సంగతి. ఫిషర్‌కి ముందు కెవిన్ సమ్లిన్ ఉండేవాడు. 51 గెలుపులు, 26 ఓటములు. ఏటా ఘనంగా మొదలుపెట్టి నవంబరుకి చతికిలపడుతున్నాడని 2017లో ఆయన్ని పంపేశారు. పంపినందుకు అప్పుడే పది మిలియన్లకు పైగా ఇచ్చారు. ఆ తర్వాత, 2013లో ఫ్లోరిడా స్టేట్‌కి నేషనల్ టైటిల్ తెచ్చిపెట్టిన ఫిషర్‌ని పదేళ్లకు 75 మిలియన్లకు తెచ్చుకున్నారు, అదీ మొత్తం గ్యారంటీ మీద. ఆయన చేరిన కొత్తలో అప్పటి చాన్సలర్ జాన్ షార్ప్ ఒక నేషనల్ చాంపియన్‌షిప్ ఫలకం చేయించి చేతికిచ్చాడు, ఏ సంవత్సరమో రాసే చోటు ఖాళీగా వదిలేసి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మా ఆఖరి నేషనల్ టైటిల్ 1939 నాటిది.

ఫిషర్ చివరి లెక్క 45-25. శాతంలో చూస్తే, పనికిరాడని పంపేసిన సమ్లిన్ కంటే తక్కువ.

మధ్యలో ఒక మంచి ఏడాది ఉంది, కాదనను. 2020 కోవిడ్ సీజన్‌లో 9-1తో ముగించి, సీజన్ చివర్లో ఆడే పెద్ద మ్యాచ్ ఆరెంజ్ బౌల్ కూడా గెలిచారు. అది నిజంగా బలమైన టీమ్. ఆ ఒక్క ఏడాది చూసుకుని, పాత కాంట్రాక్టులో ఇంకా ఆరేళ్లకు పైగా మిగిలి ఉండగానే, 2021 సెప్టెంబరు 1న, కొత్త సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, 2031 దాకా పొడిగించేశారు. జీతం తొమ్మిది మిలియన్ల పైకి ఎక్కింది. ఆయన్ని ఎవరో ఎగరేసుకుపోతారని భయపడ్డారనుకుంటా. గ్యారంటీ అలాగే ఉంచారు. ఇంకో చోట ఉద్యోగం దొరికినా ఆ జీతం ఇందులోంచి తగ్గించుకునే వీలు కూడా పెట్టుకోలేదు. అద్దె ఇంటి అగ్రిమెంటు రాసుకునేటప్పుడు మనం చదివినంత శ్రద్ధగానైనా దీన్ని ఎవరైనా చదివారా అని నా అనుమానం.

ఆ 2021 అక్టోబరులోనే దేశంలో నంబర్ వన్ టీమ్ అలబామాని 41-38తో ఓడించారు. ఆఖరి సెకన్లో సెత్ స్మాల్ బంతిని కాలితో తన్ని కొట్టిన ఫీల్డ్ గోల్. ఆ రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను, జనమంతా ఫెన్సింగ్ దాటి గ్రౌండ్‌లోకి దూకేశారు. ఇన్నేళ్లలో నా పైసా వసూల్ అయిన రాత్రి అదే, చాలా రోజులు కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. చెప్పేటప్పుడు మింగేసిన సంగతి ఏమిటంటే, వారం ముందు అదే స్టేడియంలో అదే టీమ్ మిసిసిపీ స్టేట్ చేతిలో ఓడింది. సీజన్ ముగిసేసరికి 8-4. ఏటా 8-4 అనేది మా ఫ్యాన్స్‌లో పెద్ద జోకు. గెలుస్తున్నప్పుడు కూడా ఎప్పుడు ఓడతామా అని టెన్షన్ పడే జబ్బుకి బ్యాటర్డ్ యాగీ సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టుకున్నారు (యాగీ అంటే ఏ అండ్ ఎమ్ వాళ్లు). నాకు అది ముదిరింది 2022 సెప్టెంబరు 10న.

ఆ రోజు వచ్చింది అపలాచియన్ స్టేట్. నార్త్ కరొలైనా కొండల్లో బూన్ అనే చిన్న ఊరు వాళ్లది. పెద్ద స్కూళ్లు సీజన్ మొదట్లో ఇలాంటి చిన్న టీమ్‌లకు డబ్బులిచ్చి పిలిపించుకుని, చితక్కొట్టి పంపించడం ఇక్కడ మామూలే. వీళ్లకి ఇచ్చింది 1.5 మిలియన్లు. మేం దేశంలో ఆరో ర్యాంకు. పైగా ఆ ఏడాది చేరిన ఫస్టియర్ ఆటగాళ్ల బ్యాచ్ దేశంలో నంబర్ వన్, అప్పటిదాకా రేటింగులు వేసిన అన్ని బ్యాచ్‌లలోకీ గొప్పదని రాశారు. ఆ బ్యాచ్‌ని డబ్బుతో కొన్నారని అలబామా కోచ్ నిక్ సేబన్ బహిరంగంగా అంటే, ఫిషర్ మర్నాడే ప్రెస్‌మీట్ పెట్టి మరీ ఆయన మీద విరుచుకుపడ్డాడు. అంత వేడి మీద ఉన్నాం.

మ్యాచ్ మొదలైంది. వాళ్లు తొందరపడలేదు. బంతి తీసుకుని మూడు గజాలు, నాలుగు గజాలు, మళ్లీ మూడు గజాలు. మా డిఫెన్స్ కుర్రాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. ఎట్టకేలకు బంతి మా చేతికి వస్తే రెండు రన్, ఒక పాస్, పంట్, అంటే బంతిని దూరంగా తన్ని వాళ్లకే అప్పగించడం. మళ్లీ వాళ్లు. ఆటలో ఉండే 60 నిమిషాల్లో 41 నిమిషాలకు పైగా బంతి వాళ్ల దగ్గరే ఉంది. మా అఫెన్స్ మ్యాచ్ మొత్తంలో కదిలింది 186 గజాలు. మాకొచ్చిన రెండు టచ్‌డౌన్లలో ఒకటి డెవాన్ అచేన్ కికాఫ్ బంతిని పట్టుకుని ఒక్క ఊపున పరిగెత్తి తెచ్చినది, అంటే దానికి కోచ్ ప్లేబుక్‌తో సంబంధమే లేదు. అప్పటికి ఫిషర్ అఫెన్స్ ప్లేలన్నీ తనే కాల్ చేసేవాడు, ఇంకొకరికి వదిలేవాడు కాదు. ఏడాదికి తొమ్మిది మిలియన్లు తీసుకునే మనిషి చేతిలో ఆ పెద్ద లామినేటెడ్ షీట్, పక్కన అరుస్తున్న లక్షమంది, గ్రౌండ్‌లో మళ్లీ అదే రన్.

నా పాత రూమ్మేట్ ఒకడు ఇప్పుడు షార్లెట్‌లో ఉంటాడు. వాడికి ఫుట్‌బాల్ ఓనమాలు కూడా రావు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: "మామా, అది మా స్టేట్ టీమే కదా, మీరు డబ్బులిచ్చి పిలిచారంట?" నాలుగో క్వార్టర్‌లో వాళ్లు ఫీల్డ్ గోల్ కొట్టి 17-14 చేశారు. స్కోరు సమం చేయడానికి మాకొక ఫీల్డ్ గోల్ ఛాన్స్ వచ్చింది, పక్కకి పోయింది. మిగిలిన టైమంతా వాళ్లే మూడు గజాలు, నాలుగు గజాలు నడిచి గడియారం అవగొట్టేశారు. బంతి మళ్లీ మా చేతికి రానేలేదు. "తిరుగు చార్జీలు కూడా ఇస్తారా మామా" అని ఇంకో మెసేజ్. బ్లూ టిక్ పడింది, నేను జవాబివ్వలేదు.

2007లో ఇదే అపలాచియన్ స్టేట్ మిషిగన్‌కి వెళ్లి ఇలాగే కొట్టింది కాబట్టి మేమే మొదటి బాధితులం కాదు. అదొక్కటే ఊరట. 2022 సీజన్‌లో మావాళ్లు వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడి 5-7తో ముగించారు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. ఆ గొప్ప బ్యాచ్ కుర్రాళ్లు చాలామంది తర్వాత ఒక్కొక్కరే వేరే స్కూళ్లకు ట్రాన్స్‌ఫర్ అయిపోయారు.

2023 నవంబరులో మిసిసిపీ స్టేట్‌ని 51-10తో గెలిచిన మర్నాడు ఫిషర్‌ని తీసేశారు. మిగిలిన కాంట్రాక్టు విలువ దాదాపు 76 మిలియన్లు. కాలేజీ ఆటల్లో ఒక కోచ్‌కి పొమ్మన్నందుకు అంతవరకు ఎవరూ అంత ఇవ్వలేదు. అందులో 19 మిలియన్లకు పైగా 60 రోజుల్లో చేతిలో పెట్టాలి, మిగతాది ఏటా వాయిదాల్లో.

ఆ 60 అనే అంకె దగ్గర నాకు కడుపు మండింది. మా ఆఫీసులో అప్పుడే లేఆఫ్‌లు నడుస్తున్నాయి. హెచ్1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ చూసుకోవడానికో, సామాన్లు సర్దుకోవడానికో ఈ దేశం ఇచ్చేది కూడా 60 రోజులే. నా పక్క క్యూబ్‌లో ఉండే గుంటూరు కుర్రాడు ఇల్లు కొని ఏడాది తిరగలేదు, క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటున్నాడు. వాడి పనిలో తప్పేమీ లేదు. పనిలో తప్పున్నాయనకి అదే 60 రోజుల్లో 19 మిలియన్లు.

మా నాన్న ఖమ్మం దగ్గర పత్తి వేస్తారు. ఆయనకి ఫోన్‌లో రూపాయల్లో చెప్పాను, ఆరొందల కోట్లకు పైనే అని. కాసేపు ఆగి, "ఏరా, పని చేయొద్దని అంత ఇస్తున్నారంటే, చేస్తే ఇంకా నష్టమన్నమాట" అన్నారు. ఫిషర్ కోచింగ్ మీద నేను విన్న విశ్లేషణల్లో ఇదే నంబర్ వన్.

డబ్బు పన్నుల్లోంచి కాదు, అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్, దానికి విరాళాలు పోగుచేసే 12త్ మ్యాన్ ఫౌండేషన్ భరిస్తాయని అప్పుడు చెప్పారు. మంచిదే. కానీ ఆ రెండింటి దగ్గర చేరేది టీవీ డబ్బులు, టికెట్లు, దాతల విరాళాలే కదా. దాతల్లో ఆయిల్ కంపెనీల పెద్దలకి ఇది చిల్లరేమో. మూడో డెక్‌లో కూర్చునేవాడికి కాదు. 2025 జులై నుంచి స్కూళ్లే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి పరిమితి 20.5 మిలియన్లు. ఒక మాజీ కోచ్‌కి ఇస్తున్నది దాదాపు నాలుగేళ్ల ఆటగాళ్ల బడ్జెట్ అన్నమాట.

సరే, ఇప్పటి సంగతి. ఫిషర్ దగ్గర 2021 దాకా డిఫెన్స్ చూసి, తర్వాత డ్యూక్‌కి వెళ్లిపోయిన మైక్ ఎల్కోనే హెడ్ కోచ్‌గా వెనక్కి తెచ్చుకున్నారు. 2024లో 8-5, పాత వాసనే. 2025లో మాత్రం వరసగా పదకొండు గెలిచారు. సౌత్ కరొలైనాతో హాఫ్‌టైమ్‌కి 30-3 వెనకబడి 31-30తో గెలిచిన మ్యాచ్‌ని నేను సగంలో టీవీ కట్టేసి, మా ఆవిడ అరుపు విని మళ్లీ పెట్టాను. అక్టోబరులో ఎల్‌ఎస్‌యూని (లూసియానా స్టేట్) వాళ్ల ఊళ్లోనే 49-25తో కొట్టారు. మర్నాడే వాళ్లు తమ కోచ్ బ్రయాన్ కెల్లీని తీసేశారు, అక్కడా లెక్క యాభై మిలియన్ల పైమాటే. మా వాట్సాప్ గ్రూపంతా పండగ చేసుకుంది. నాకు మాత్రం సరిగా నవ్వు రాలేదు.

ఎందుకంటే నవంబరులో, సీజన్ ఇంకా నడుస్తుండగానే, ఎల్కోకి కొత్తగా ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ వెంటనే టెక్సస్ చేతిలో 27-17తో, ప్లేఆఫ్‌లో కైల్ ఫీల్డ్‌లోనే మయామీ చేతిలో 10-3తో ఓడారు. ఎల్కో మంచి కోచ్, ఫిషర్‌తో పోలిక లేదు. నాకు గుబులు పుట్టించేది కోచ్ కాదు, బాగున్నప్పుడు ఆగలేక సంతకం పెట్టే ఆ చెయ్యి.

ఇంతకీ ఈ టీమ్ టికెట్ తీసుకోవచ్చా అంటే, మీరు ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. కాలేజ్ స్టేషన్‌లో ఎమ్మెస్‌కి వస్తున్న పిల్లలైతే స్టూడెంట్ పాస్ కళ్లు మూసుకుని తీసుకోండి, అప్పటికి బయౌట్ల (పొమ్మన్నందుకు ఇచ్చే డబ్బు) గోల మీకు పట్టదు, పట్టకూడదు కూడా. గ్రీన్ కార్డ్ వచ్చి, డబ్బు నిలకడగా ఉండి, ఓడినా మ్యాచ్‌కి ముందు పార్కింగ్‌లో పెట్టుకునే పులిహోర టెయిల్‌గేట్‌కి తక్కువేం కాదనుకునేవాళ్లకి సీజన్ టికెట్ నష్టమేమీ కాదు. నా పరిస్థితి వేరు. హ్యూస్టన్ పక్కన సైప్రెస్ నుంచి హైవే 290 మీద, తర్వాత హైవే 6 మీద గంటన్నర డ్రైవ్, ఇద్దరు చిన్నపిల్లలు, ఏటా రెన్యువల్ టెన్షన్ పెట్టే వీసా. అందుకని వచ్చే సీజన్‌కి ఒకే ఒక్క మ్యాచ్ అనుకుంటున్నాను. నైట్ కికాఫ్ అయితేనే, రీసేల్‌లో రేటు పడితేనే. మా పెద్దోడు మెరూన్ టీషర్ట్ కొనిమ్మని ఇప్పటినుంచే పీక్కుతింటున్నాడు, అది వేరే ఖర్చు.