కార్టులో వేసిన వస్తువు మనకోసం ఆగాలా? చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుకి కావలసిన మీటర్ల దగ్గర్నుంచి ఇంట్లో మిక్సీ దాకా చాలా ఏళ్లుగా ఆన్‌లైన్లోనే కొంటున్నాను. ఆఫర్ల రోజు వస్తే మా వాళ్ళందరిదీ ఒకటే కోపం: "కార్టులో వేశాం కదండీ, ఎలా అయిపోతుంది?" ఇన్నాళ్లు వాడాక నాకు అర్థమైంది ఏంటంటే, కార్టులో వేసినంత మాత్రాన వస్తువుని ఆపక్కర్లేదు. డబ్బు కట్టడం మొదలుపెట్టాక మాత్రం తప్పకుండా ఆపాలి.

మనలో చాలామందికి కార్టంటే చీటీ రాసుకోవడమే. నెలల తరబడి అందులో పడి ఉండే వస్తువులు ఎన్నో. మా పిన్ని కూతురు బండారులంక చేనేత చీరలు ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఒక్కో రంగులో ఒక్కటే చీర ఉంటుంది. మొదట్లో కార్టులో వేసినవాళ్ళకి రోజంతా ఆపి ఉంచేది. శ్రావణమాసంలో సగం చీరలు 'అందుబాటులో లేదు' అని చూపించేవి, తీరా చూస్తే కొన్నవాళ్ళెవరూ లేరు. నిజంగా కావలసినవాళ్ళు వేరే చోట కొనేసుకున్నారు. కొట్లో "అట్టే పెట్టండి, సాయంత్రం వస్తాను" అంటే షావుకారు పెడతాడు, మనమెవరో తెలుసు కాబట్టి. లేదంటే కొంత బయానా పుచ్చుకుంటాడు. కార్టుకి ఆ రెండూ లేవు. ఇప్పుడు మా చెల్లి అడ్రస్ ఇచ్చి పేమెంట్ దాకా వచ్చినవాళ్ళకి మాత్రమే పదిహేను నిమిషాలు ఆపుతోంది.

ఆ పదిహేను నిమిషాలు మాలాంటివాళ్ళకి ఎంత అవసరమో హైదరాబాదులో ఉన్నవాళ్ళకి తెలియదు. వర్షం పడితే ఇక్కడ సిగ్నల్ పోతుంది. ఓటీపీ ఆలస్యంగా వస్తుంది, యూపీఐలో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ముందు డబ్బు కట్టినవాడికే వస్తువంటే, వేగమైన నెట్ ఉన్నవాడే ప్రతిసారీ గెలుస్తాడు. ఇది న్యాయం కాదు.

ఒకసారి ఆక్సిజన్ మీటరు కొంటుంటే ఖాతాలో డబ్బు కట్ అయింది, తెర మీద 'స్టాక్ లేదు' అని వచ్చింది. మేతకి డబ్బు కావలసిన సమయం, ఎంత టెన్షన్ పడ్డానో. అప్పుడే ఒక సంగతి తెలిసింది. మన ఖాతాలో డబ్బు కట్ అయి దుకాణానికి చేరినట్టు నిర్ధారణ కాకపోతే, రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధన ప్రకారం యూపీఐలో 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి. దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. కానీ డబ్బు చక్కగా చేరాక సరుకు లేదంటే, అది దుకాణం ఇవ్వాల్సిన రిఫండ్. ఆ పరిహారం దీనికి వర్తించదు.

ఇది సాధ్యంకాని పనేమీ కాదు. బస్సు టికెట్ల సైట్లు డబ్బు కట్టేలోపు సీటుని కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతాయి. అమెజాన్ మామూలు కార్టులో ఏదీ ఆపదు, లైట్నింగ్ డీల్ (కాసేపు మాత్రమే ఉండే ఆఫర్) అయితే కార్టులో పెట్టాక 15 నిమిషాల గడువు ఇస్తుంది. రైల్వేలో అలా ఉండదు. నరసాపురం నుంచి తత్కాల్ తీస్తే ముందు ఖాళీ ఉందని చూపిస్తుంది, డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టు.

గడియారం పెట్టే సైట్లలో నిజాయితీ లేనివీ ఉన్నాయి. 'ఇంకా 4 నిమిషాలే' అని తొందరపెడతాయి, పేజీ మళ్ళీ తెరిస్తే మొదట్నుంచీ లెక్క. ఇలాంటి బూటకపు తొందర 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో ఒకటి. మీ ఫోన్లో గడియారం నడుస్తుండగానే, ఒక్కటే మిగిలిందన్న వస్తువుని ఇంకో ఫోన్లో తెరిచి చూడండి. అక్కడా కొనడానికి దొరుకుతుంటే మీకోసం ఏదీ ఆపలేదన్నమాట.

ఒకరే పది ముక్కలు ఆపేసుకోకుండా పరిమితి కూడా ఉండాలి. గడువు దాటితే వస్తువు ఊరికే జారిపోకుండా, తర్వాత అడిగినవాళ్ళకి కబురు వెళ్ళాలి. మా చెల్లి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌తో ఆ పని చేస్తోంది. పెద్ద సైట్లు కూడా చేయాలి.