ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు: తెలుగు ఎం.ఏ. వాళ్లకు పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే అన్నిటికీ కాదు. సిలబస్‌లో ఉన్న కావ్యాలు, నాటకాలు, నవలలు కావాలంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. నోట్సు, గైడు, యూజీసీ నెట్ పరీక్ష మెటీరియల్ కోసమైతే మాత్రం ఆ ఆదివారం హాస్టల్లో పడుకోవడమే మేలు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మా జూనియర్లు కొందరు అక్కడ అన్నీ దొరుకుతాయనుకుని వెళ్లి, ఇంగ్లీషు థ్రిల్లర్ల గుట్టల మధ్య ఎండలో తిరిగి తిరిగి, చివరికి నలభై రూపాయల మ్యాంగో జ్యూస్ తాగి వచ్చేశారు.

తెలియని వాళ్ల కోసం: ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. జీపీవో (పెద్ద పోస్టాఫీసు) దగ్గర్నుంచి అటూ ఇటూ నడుస్తూ చూసుకోవడమే. బోర్డు లేదు, వరస లేదు, ఇక్కడ తెలుగు అక్కడ హిందీ అని చెప్పేవాడు ఉండడు. పొద్దున పది దాటితేగానీ గుట్టలన్నీ పడవు, మరీ పొద్దెక్కితే ఎండ. పదీ పదకొండు మధ్య వెళ్తే మంచిది.

ఇక డబ్బుల సంగతి. తెలుగు ఎం.ఏ. అనగానే చుట్టాలంతా "ఫీజు తక్కువేగా" అంటారు. ఫీజు తక్కువే, నిజమే. తక్కువ కానిది మిగతాదంతా. మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, హాజరు చాలకపోతే కండోనేషన్ ఫీజు, ప్రాజెక్టు ప్రింటు, బైండింగు, ప్రతి కాగితానికీ జిరాక్సు. నా డిగ్రీ ఒక ప్రైవేటు కాలేజీలో దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా వచ్చిన సీటు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని నిశ్చింతగా చదివాం. తీరా పీజీలో చేరడానికి టీసీ అడిగితే గవర్నమెంటు నుంచి డబ్బు రాలేదు, మీరు కట్టేసి తీసుకెళ్లండి, వచ్చాక వెనక్కిస్తాం అన్నారు. మా నాన్న అప్పు చేసి కట్టారు. వెనక్కిచ్చిన పాపాన పోలేదు. ఆ కాలేజీ పేరు ఇక్కడ ఎందుకులెండి, ఈ మాట ఒక్క కాలేజీలోనే వినపడదు, రాష్ట్రమంతా పాటే. చెప్పొచ్చేదేంటంటే, విద్యార్థి ఖర్చుల్లో "ఇంతకిస్తావా?" అని మనం బేరమాడగలిగేది ఒక్క పుస్తకాల దగ్గరే. ఫీజు కౌంటర్లో బేరం నడవదు. మెస్‌లో అసలే నడవదు.

ఆబిడ్స్ దాకా వెళ్లడానికి నాకు ఖర్చు లేదు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ చేతిలో పెడతారు. మనుచరిత్రలో ప్రవరుణ్ని హిమాలయాలకు చేర్చిన పాదలేపం లాంటిదన్నమాట, మంచుకు కరగదు కూడా. అబ్బాయిలకు ఆ సౌఖ్యం లేదు, వాళ్లు స్టూడెంట్ పాస్ మీదే వెళ్లాలి.

తెలుగు పుస్తకాలు ఎలా వెతకాలో చెప్తా. గుట్ట పైన కనిపించేవి యండమూరి, యద్దనపూడి, మధుబాబు. వాటికి గిరాకీ ఉంటుందని అమ్మేవాళ్లకు తెలుసు, రేటు కూడా గట్టిగానే చెప్తారు. మన సిలబస్ అడుగున ఉంటుంది. కూర్చోవాలి, అవును, ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాలి, మళ్లీ ఉన్నట్టే సర్దాలి, లేకపోతే అన్న విసుక్కుంటాడు. అడుగున ఏం దొరుకుతాయంటే, ఎమెస్కో పాకెట్ బుక్స్ (ఇంటింటా సొంత గ్రంథాలయం అని ఒకప్పుడు ఊదరగొట్టిన రోజులవి), రాదుగ వాళ్లు మాస్కోలో అచ్చేసిన తెలుగు అనువాదాలు, పాత యువ మాసపత్రిక సంచికలు, అదృష్టం బాగుంటే వావిళ్ల వారు అచ్చేసిన కావ్యాలు. వావిళ్ల ప్రతి చేతికొస్తే మెల్లగా తెరవండి, కాగితం అప్పడంలా విరుగుతుంది. నాకు దొరికిన కావ్యానికి చివరి ఆశ్వాసం (అధ్యాయం) సగం లేదు. కొనేముందు చివరి పేజీ చూడమని అందుకే అంటున్నా, మొదటి పేజీ అందరూ చూస్తారు.

నా ఆబిడ్స్ కొనుగోళ్లలో లెక్కకొచ్చేది కన్యాశుల్కం. ఎనభై చెప్పాడు, యాభైకి ఇచ్చాడు. అట్ట లేదు, వెనక బ్రౌన్ టేపు. లోపల ఇద్దరు ముగ్గురు చదివిన గుర్తులు: ఒకరు పెన్సిల్‌తో మధురవాణి మాటల పక్కన నిలువు గీతలు గీశారు, ఇంకొకరు నీలం పెన్నుతో గిరీశం పాత్ర చిత్రణ, 10 మార్కులు, రెండుసార్లు వచ్చింది అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. ఆఖరి ఖాళీ పేజీలో ఎవరిదో నెల లెక్క. మెస్ 850, పాస్, సబ్బులు, అన్నయ్యకు ఇవ్వాల్సింది 200. మెస్ 850 అంటే ఏ కాలం నాటిదో మీరే ఊహించుకోండి, ఇప్పుడు ఆ డబ్బుతో వారం గడవదు.

ఈ లెక్క ఉన్న పుస్తకంలోనే, మొదటి అంకంలో, గిరీశం తన శిష్యుడు వెంకటేశం చేత పుస్తకాల జాబితా రాయించే ఘట్టం ఉంది. రీడరూ గ్రామరూ జామెట్రీ అన్నీ రాయించి, వెంకట సుబ్బారావు మేడీజీ (మేడ్ ఈజీ) పక్కన కుప్పుసామయ్యర్ మేడ్ డిఫికల్ట్ అని ప్రపంచంలో లేని పుస్తకం ఒకటి చేరుస్తాడు. క్లాసులో మా సార్ ఇది చదువుతుంటే అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను, మా ఇంట్లో కూడా సెమిస్టర్ మొదట్లో "రిఫరెన్స్ బుక్స్" అని ఒక పద్దు ఉంటుంది, అందులో అన్నీ పుస్తకాలే అని ప్రమాణం చేయలేను. రెండో అంకంలో అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువు ఖర్చు మీద విసుక్కుంటుంటే మాత్రం ఆయన పక్షాన మాట్లాడేవాడు క్లాసులో ఒక్కడూ లేడు. కూతుర్ని అమ్ముకునే మనిషి మరి, ఎవరు మాట్లాడతారు? కానీ చదువుకని డబ్బు పంపి, అది దేనికి పోతోందో తెలియని ఇల్లు అని చూస్తే ఆ సంభాషణ నాకు వేరేగా వినపడుతుంది. ఈ మాట అసైన్‌మెంట్‌లో రాస్తే సార్ పక్కన ప్రశ్నార్థకం పెట్టారు, మార్కులు మాత్రం తగ్గించలేదు.

కన్యాశుల్కం కొనేవాళ్లకు రెండు జాగ్రత్తలు. 1897లో వచ్చిన మొదటి కూర్పు వేరు, 1909లో గురజాడ బాగా పెంచి మార్చి రాసిన రెండో కూర్పు వేరు. క్లాసుల్లో చెప్పేది రెండోదే. ఆడటానికి వీలుగా కుదించిన ప్రతులు కూడా బయట ఉంటాయి కాబట్టి ఏడు అంకాలూ ఉన్నాయో లేదో చూసుకోండి. రెండోది, క్లాసులో ఎవరి పుస్తకంలో పేజీ నంబరు వాళ్లది. సార్ 112వ పేజీ అంటారు, మన పాత ప్రతిలో ఆ పేజీలో ఇంకేదో ఉంటుంది. అంకం, స్థలం (అంటే రంగం) రాసుకోవడం అలవాటు చేసుకుంటే ఈ తిప్పలు ఉండవు. కావ్యాలకైతే ఆశ్వాసం, పద్యం నంబరు.

బేరం గురించి. ఇక్కడ అమ్మే అన్నలు హిందీ, తెలుగు రెండూ మాట్లాడతారు, ఏది మొదలుపెడితే అదే. "ఎంతకిస్తవన్నా?" అంటే ముందు పుస్తకం వంక కాదు, మన మొహం వంక చూస్తారు. మొహం వెలిగిందా, అయిపోయింది, ముప్పై రూపాయలది నూట యాభై. అందుకని కావాల్సిన దాన్ని ఇంకో రెండిటి మధ్య పెట్టి మూడూ కలిపి అడగండి, తర్వాత రెండు వదిలేయండి. ఈ ఎత్తు వాళ్లకూ తెలుసు. ఒకాయన నవ్వి, "అమ్మా, ఆ మధ్యలోదే కదా నీకు కావాల్సింది, అరవై ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. పాత పుస్తకాలకు ఆన్‌లైన్‌లో ఏం ధర పలుకుతోందో వీళ్లు ఫోన్‌లో చూసుకుంటారిప్పుడు, కాబట్టి వావిళ్ల పుస్తకం పది రూపాయలకు కొట్టేయాలని కలలు కనకండి. వానాకాలం దండగ. నాలుగు చినుకులు పడితే పట్టా కప్పేస్తారు, తడిసిన పుస్తకం ఆరబెట్టి మళ్లీ పెడతారు, వాసన చూస్తే తెలిసిపోతుంది.

నచ్చనిది ఒకటుంది. కొన్ని పుస్తకాల మీద కాలేజీ లైబ్రరీల ముద్ర ఉంటుంది. తీసేసినట్టు గుర్తు ఉంటే సరే, అది లేకుండా యాక్సెషన్ నంబరుతో సహా నిగనిగలాడుతుంటే ఎవరో ఎత్తుకొచ్చిందే. నేను అలాంటివి కొనను. నీతి అని కాదు, మా లైబ్రరీలో నాకు కావాల్సిన విమర్శ పుస్తకం కేటలాగ్‌లో ఉండి ర్యాకులో లేక నేను పడ్డ అవస్థ నాకు తెలుసు.

విమర్శ పుస్తకాలే అక్కడ దొరకని సరుకు. అందరూ ఒకసారి కొంటే అమ్మరేమో, లేక అసలు ఎవరూ కొనలేదేమో! నెట్ గైడ్లు గుట్టలుగా ఉంటాయి గానీ నెట్ సిలబస్ 2019లో మారింది, అంతకుముందు అచ్చయినవి వంద రూపాయలకిచ్చినా దండగే. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో బాగా వస్తే పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, దాని కోసం చదివేవాళ్లు గైడు దగ్గర కక్కుర్తి పడకూడదు, కొత్తదే కొనుక్కోవాలి. పోటీ పరీక్షల పుస్తకాలకైతే కోఠి షాపులకు వెళ్లండి, నడక దూరమే. కోఠిలో సగానికి సగం ఇంజినీరింగూ మెడిసినూ, మనల్ని చూసి "తెలుగా?" అని ఒక చూపు చూస్తారు, పట్టించుకోవద్దు. కొత్త పుస్తకాలు కావాలంటే కాచిగూడ నవోదయ, పాఠ్యపుస్తకాలకు హిమాయత్‌నగర్ తెలుగు అకాడమి. అకాడమి పుస్తకాల ధరలు ఇప్పటికీ మన జేబుకు అందుతాయి.

అసలు కొనకుండా గడిచేవి కూడా ఉన్నాయి. కవిత్రయ భారతం టీకా తాత్పర్యాలతో టీటీడీ వేసిన 15 సంపుటాలు వాళ్ల ఈ-బుక్స్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి, ఆదిపర్వం సిలబస్‌లో ఉన్నవాళ్లు ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు. పద్యానికి అర్థం తట్టకపోతే ఆంధ్రభారతి వెబ్‌సైట్లో నిఘంటువులు ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు కోకొల్లలు, కాకపోతే ఫోన్లో చదివితే కళ్లు పోతాయి, జిరాక్స్ తీయిస్తే పేజీకి రూపాయి చొప్పున పాత పుస్తకం ధర దాటిపోతుంది. జిరాక్స్ అంటే గుర్తొచ్చింది, ఢిల్లీ యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపు మీద పెద్ద పెద్ద ప్రచురణకర్తలు 2012లో కేసు వేస్తే, 2016లో హైకోర్టు విద్యార్థుల వైపే మొగ్గింది, చదువు చెప్పడానికి అవసరమైన మేరకు కాపీ తీయడం తప్పు కాదంది. మా క్యాంపస్ జిరాక్స్ అన్నకు ఇది చెప్తే "అయితే నాకేం డిస్కౌంటు?" అన్నాడు.

ఇంకొకటి. మూడో సెమిస్టర్లో వట్టికోట ఆళ్వారుస్వామి గురించి చదువుకున్నాం. హోటల్లో పనిచేసిన మనిషి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరూ తిరిగి పుస్తకాలు అమ్మాడు. ఆయన ప్రజల మనిషి నవల మాకు సిలబస్. కొత్త ప్రతి కొనే డబ్బు లేక ఆయన పుస్తకం కోసమే ఫుట్‌పాత్ మీద వెతుకుతుంటే, ఆయన చూస్తే కోప్పడతాడా మెచ్చుకుంటాడా అని అనుమానం వచ్చింది. మెచ్చుకుంటాడనే నా నమ్మకం. దొరకలేదు మాత్రం, సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది. 1901 నుంచి ఉన్న గ్రంథాలయం అది, ఆబిడ్స్‌లో దొరకని చాలావాటికి మందు అక్కడ ఉంది.

వెళ్లేవాళ్లు గుడ్డ సంచీ, మంచినీళ్లు తీసుకెళ్లండి. ఫోన్‌పే దాదాపు అందరి దగ్గరా ఉంది, అయినా చిల్లర ఉంటే బేరం తొందరగా తెగుతుంది. చదివేశాక తిరిగి అమ్ముదామనే ఆశ మాత్రం పెట్టుకోవద్దు, కిలో లెక్కన అడుగుతారు, ఒళ్లు మండుతుంది. నా కన్యాశుల్కం ఈ మధ్యే హాస్టల్లో జూనియర్‌కి ఇచ్చేశాను. "ఎంత ఇమ్మంటావక్కా?" అంది. ఆదివారం మెస్ చికెన్‌లో తన వంతు ఇమ్మన్నాను. కాసేపు ఆలోచించి, లెగ్ పీస్ మాత్రం ఇవ్వనంది.