డూప్లికేట్ మెయిళ్లు: రాకుండా ఆపడం మేలా, వచ్చాక ఏరెయ్యడం మేలా?

ఇన్‌బాక్స్‌లో ప్రతి మెయిలూ రెండేసి కనిపించగానే చాలామంది డూప్లికేట్లు తీసేసే యాడ్-ఆన్ కోసం వెతుకుతారు. దాని అవసరం వస్తుంది, కానీ తర్వాత. అవి ఎక్కణ్నుంచి పుడుతున్నాయో చూడకుండా ఏరేస్తే మర్నాటికి మళ్లీ దిగుతాయి. కలుపు వేరు నేలలో ఉండగా పైపైన కోసి లాభమేముంది?

కారణం తెలియాలంటే ఏదో ఒక జంట తీసుకుని రెండిటి సోర్సూ, అంటే మెయిల్ వెనకున్న అసలు పాఠం, తెరవండి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో అయితే కంట్రోల్, యు కలిపి నొక్కితే చాలు. మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే 'రిసీవ్డ్' అనే లైన్లు పైన వరసగా ఉంటాయి. రెండిట్లోనూ అవి అక్షరం తేడా లేకుండా ఉంటే మీ సర్వర్‌కి వచ్చింది ఒక్క మెయిలే. దాన్ని మీ ప్రోగ్రామ్ రెండుసార్లు దించుకుంది, లేదా ఏదో ఫిల్టర్ కాపీ తీసింది. లైన్లు వేరుగా ఉంటే మెయిల్ నిజంగానే రెండు దారుల్లో వచ్చింది: మీకు నేరుగా ఒకటి, మీరున్న గ్రూప్ అడ్రస్ మీదుగా ఇంకొకటి.

మొదటి రకానికి తరచూ కారణం పాప్ ఖాతా, అంటే మెయిళ్లని సర్వర్ నుంచి కంప్యూటర్‌కి దించుకునే పద్ధతి. పాప్ సర్వర్ ప్రతి మెయిల్‌కీ యూఐడీఎల్ అనే గుర్తు ఇస్తుంది. మెయిళ్లు సర్వర్‌లోనే ఉంచమని సెట్ చేసుకున్నప్పుడు, ఏవేవి దించుకుందో ప్రోగ్రామ్ ఆ గుర్తులతో రాసి పెట్టుకుంటుంది. థండర్‌బర్డ్‌లో ఆ ఫైలు పేరు popstate.dat. కంప్యూటర్ మార్చేటప్పుడు మెయిళ్లు తెచ్చుకుని ఈ చిన్న ఫైలు వదిలేశారా, ప్రోగ్రామ్‌కి సర్వర్‌లోవన్నీ కొత్తవే. ఉన్నవి ఉండగానే మొత్తం మళ్లీ దిగుతాయి.

ఐమాప్ అనే రెండో పద్ధతిలో ఈ బాధ లేదు. అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, మనకి కనిపించేది దాని అద్దం. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ మెయిల్ చూసేవాళ్లకి పాప్ కన్నా ఐమాపే మేలు. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే జీమెయిల్‌ని ఐమాప్‌లో చూసేవాళ్లు ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి లేబుళ్లు మన ప్రోగ్రామ్‌లో ఫోల్డర్లలా కనిపిస్తాయి. ఇన్‌బాక్స్‌లో ఉన్న మెయిలే 'ఆల్ మెయిల్'లోనూ కనిపిస్తుంది. అవి రెండు కాపీలు కావు, ఒకే మెయిల్‌కి రెండు కిటికీలు. తెలియక అన్ని ఫోల్డర్లూ కలిపి డూప్లికేట్ల వేట మొదలుపెట్టి ఒకదాన్ని ట్రాష్‌కి పంపితే, ఆ మెయిల్ అన్ని చోట్ల నుంచీ పోతుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో లేబుళ్ల దగ్గర 'ఆల్ మెయిల్' ఐమాప్‌లో కనిపించకుండా టిక్ తీసెయ్యండి, సరిపోతుంది. 'సెంట్'లో జంటలు కనిపిస్తే అది వేరే సంగతి: జీమెయిల్ సర్వర్ ద్వారా పంపిన మెయిల్‌ని అదే దాచుకుంటుంది, మీ ప్రోగ్రామ్ ఇంకో కాపీ పెడుతోంది. ప్రోగ్రామ్‌లో ఆ సెట్టింగ్ ఆపెయ్యండి.

రెండు దారుల్లో వచ్చేవాటిని సర్వర్‌లోనే ఆపొచ్చు. సర్వర్‌లో మెయిళ్లని వడకట్టే నియమాలు రాసే సీవ్ భాషలో సరిగ్గా ఇందుకోసమే 'డూప్లికేట్' అనే పరీక్ష ఉంది, 2014లో ఆర్ఎఫ్‌సీ 7352 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. కానీ ముందు వచ్చిందే నిలుస్తుంది. నేరుగా పంపిన కాపీ ముందొస్తే, గ్రూప్ ఫోల్డర్‌లో ఆ సంభాషణకి మధ్యలో గండి పడుతుంది. గ్రూప్ చర్చలు దాచుకునేవాళ్లకి నేనైతే దీన్ని చెప్పను. వాళ్లకి రెండూ రానిచ్చి, తర్వాత చేత్తో ఏరుకోవడమే నయం.

ఇక ఏరెయ్యడం. దేన్ని చూసి జంట అని తేల్చాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. సబ్జెక్టూ పంపినవాళ్ల పేరూ చాలనుకుని నేనొకసారి ఒక ఫోల్డర్ మొత్తం ఏరాను. నెలనెలా ఒకే సబ్జెక్టుతో వచ్చే బిల్లుల్లో ఒక్కటే మిగిలింది. ట్రాష్ ఖాళీ చెయ్యలేదు కాబట్టి మిగతావి దక్కాయి. నమ్మదగింది మెసేజ్-ఐడీ, అంటే ప్రతి మెయిల్ సోర్స్‌లో ఉండే గుర్తింపు. ఏ రెండు మెయిళ్లకీ ఒకటే ఉండకూడదన్నది దాని నియమం. సైజు మీద ఆధారపడకండి: గ్రూప్ ద్వారా వచ్చిన కాపీకి కింద రెండు లైన్లు అతికితే సైజు మారిపోతుంది, ఐడీ మాత్రం మామూలుగా అదే ఉంటుంది. ఐడీ లేని మెయిళ్లూ అక్కడక్కడా ఉంటాయి, వాటికి తేదీ, పంపినవాళ్లు, లోపలి పాఠం మూడూ కలవాలి. థండర్‌బర్డ్‌కి దొరికే 'రిమూవ్ డూప్లికేట్ మెసేజెస్' యాడ్-ఆన్‌లో వీటిలో ఏవేవి పోల్చాలో మనమే ఎంచుకోవచ్చు. ఔట్‌లుక్‌లోని 'క్లీన్ అప్' ఈ పనికి కాదు. తర్వాతి జవాబులో పూర్తిగా ఇమిడిపోయిన పాత మెయిళ్లని అది తీసేస్తుంది.

ఒక్కో ఫోల్డర్‌నే వెతకండి, తీసినవాటిని ట్రాష్‌కే పంపండి. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌ని ఒకే ఫైలుగా దాస్తుంది కాబట్టి, తీసేసిన మెయిల్ 'కంపాక్ట్' చేసేదాకా, అంటే ఆ ఫైలుని కుదించేదాకా, అందులోనే ఉంటుంది. వారం రోజులు ఆగి, ఏదీ పొరపాటున పోలేదని చూసుకున్నాకే కంపాక్ట్ నొక్కండి.