సి లైబ్రరీలకు జిగ్ పాయింటర్లు: చాలాకాలం వాడాక

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు బిల్లింగ్ ప్రోగ్రాం ఇది. రైతుల పేర్లు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా తూకాలు అన్నీ ఎస్‌క్యూలైట్ అనే సి డేటాబేస్ లైబ్రరీలో ఉంటాయి, దాన్ని పిలిచేది జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్. ఈ పనికి జిగ్ పాయింటర్ (మెమరీ చిరునామా) టైపులు నాకు బాగా నచ్చాయి. సి నుంచి వచ్చే పాయింటర్లకు ఇచ్చే [*సి] అనే ఒక్క టైపుని మాత్రం కోడ్ లోపలికి రానివ్వకూడదు.

సి హెడర్ ఫైల్‌లో క్యార్ స్టార్ (అక్షరానికి పాయింటర్) అని ఉంటే అది ఒక్క అక్షరమో, సున్నాతో ముగిసే స్ట్రింగో, నల్ (ఏమీ లేని పాయింటర్) రావచ్చో లేదో కంపైలర్‌కి తెలిసే దారి లేదు. అందుకని అన్నిటికీ సరిపోయే [*సి] ఇచ్చి ఊరుకుంటుంది. డాక్యుమెంటేషన్ చూసి, పిలిచిన మరుసటి లైన్లోనే అసలు టైపులోకి మార్చేయాలి: ఒక్క వస్తువైతే *, వరుసైతే [*], స్ట్రింగైతే [*:0], నల్ రావచ్చంటే ముందు ప్రశ్న గుర్తు. ఆ గుర్తు వల్ల పాయింటర్ సైజేమీ పెరగదు.

రైతు ఊరు నల్‌గా ఉన్న టేబుల్ వరుసలో ఎస్‌క్యూలైట్ కాలమ్ టెక్స్ట్ ఫంక్షన్ నల్ ఇస్తుంది. దాన్ని నేరుగా [*:0]లో వేస్తే తనిఖీలతో కంపైల్ చేసే డీబగ్, రిలీజ్‌సేఫ్ బిల్డులు అక్కడే ఆగిపోతాయి. వేగం కోసం చేసే రిలీజ్‌ఫాస్ట్‌లో ఆ తనిఖీ ఉండదు. డబ్బు లెక్కలకు రిలీజ్‌సేఫే వాడండి.

ముందు కాలమ్ టెక్స్ట్, తర్వాత పొడవు చెప్పే కాలమ్ బైట్స్ పిలవాలి. వచ్చే పొడవు బైట్లలో ఉంటుంది: 'గుంటూరు' 21 బైట్లు. బిల్లులో 20 దగ్గర కోస్తే చివరి కొమ్ము విరిగి చెత్త అక్షరం పడుతుంది.

టైపు పట్టుకోలేనిది పాయింటర్ ఆయుష్షు. తర్వాతి వరుసకు తీసుకెళ్లే స్టెప్ ఫంక్షన్‌ని పిలిచేదాకే ఆ టెక్స్ట్‌కి భరోసా. పాయింటర్లను లిస్టులో దాచుకుంటే ఒక రైతు పేరు చోట ఇంకొకరిది రావచ్చు, కంపైలర్ కిమ్మనదు. స్టెప్‌కి ముందే డూప్ (కాపీ) చేసుకోవాలి.

బాగా విసిగించేది ఎస్‌క్యూలైట్ ట్రాన్సియెంట్. మనమిచ్చే టెక్స్ట్‌ని కాపీ చేసుకోమని ఎస్‌క్యూలైట్‌కి చెప్పేందుకు, మైనస్ 1ని ఫంక్షన్ పాయింటర్‌గా మార్చే మాక్రో అది. ఇంటెల్ పీసీలో కంపైల్ అవుతుంది. అదే కోడ్‌ని కాటా పక్కనున్న 64 బిట్ 'రాస్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ కోసం బిల్డ్ చేస్తే అలైన్‌మెంట్ ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే అక్కడ ఫంక్షన్ చిరునామా 4తో భాగించబడాలి. టెక్స్ట్‌ని స్టేట్‌మెంట్‌లోకి పంపే బైండ్ టెక్స్ట్‌ని ట్రాన్సియెంట్‌తో పిలిచే చిన్న సి ఫంక్షన్ రాసి, జిగ్‌తోనే కలిపి కంపైల్ చేస్తే సరిపోతుంది. దాని బదులు, కాపీ అక్కర్లేదని చెప్పే స్టాటిక్ ఇచ్చినా నడుస్తుంది గానీ, స్టేట్‌మెంట్ పని పూర్తయ్యేదాకా బఫర్‌ని బతికించాలి.

భాష ఇంకా మారుతూనే ఉంది. 2023లో 0.11 రాగానే పాయింటర్ కాస్ట్ (టైపు మార్పు) రాసే పద్ధతే మారిపోయింది. మిర్చి సీజన్ నడుస్తుండగా కంపైలర్ వెర్షన్ మార్చవద్దు.