చెక్క జామెట్రీ సెట్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పే నేను, నల్లబల్ల మీద ఆకారాలు గీయడానికి 2016 జూన్‌లో ఒక చెక్క జామెట్రీ సెట్ కొన్నాను. అందులో ఒక వృత్తలేఖిని, ఒక కోణమానిని, రెండు మూలమట్టాలు, ఒక మీటరు స్కేలు ఉన్నాయి. తొమ్మిదేళ్లు దాదాపు ప్రతి వారం వాడిన మీదట, మూలమట్టాలకు పూర్తి మార్కులు వేస్తాను. వృత్తలేఖినికి మాత్రం పాసు మార్కులు వేయడానికి కూడా మనసొప్పడం లేదు.

మూలమట్టాల్లో ఒకదానికి 45, 45, 90 డిగ్రీల కోణాలు, రెండోదానికి 30, 60, 90 డిగ్రీల కోణాలు ఉంటాయి. చతురస్రానికి నేను మొదటిదాన్నే వాడతాను. 30 సెంటీమీటర్ల అడుగుగీత గీసి, దాని రెండు కొసల దగ్గరా మూలమట్టాన్ని ఆనించి, నిటారుగా మళ్లీ 30 సెంటీమీటర్లు కొలిచి, పై కొసలను కలుపుతాను. గీసినది చతురస్రమేనా అన్నది పిల్లలే తేల్చాలి. అందుకు వారి చేత పురికొసతో రెండు కర్ణాలనూ కొలిపిస్తాను. రెండూ సమానంగా, సుమారు 42.4 సెంటీమీటర్లు రావాలి. మొదటి ఏడాది ఈ పని చేయిస్తుండగా, తండ్రి మేస్త్రీ పని చేసే ఒక పిల్లవాడు లేచి, "మా నాన్న ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మూలకు మూల తాడు ఇట్లాగే లాగుతాడు టీచర్" అన్నాడు. భుజాలు నాలుగూ సమానమైతే చతురస్రమేనని అంతవరకూ వాదిస్తున్న తరగతి, ఒక పక్కకు ఒరిగిన ఆకారానికి కూడా భుజాలు సమానంగా ఉండవచ్చని, దాని కర్ణాలు మాత్రం సమానంగా ఉండవని ఆ రోజు ఒప్పుకుంది. అన్నట్టు, మేస్త్రీ చేతిలోని ఇనుప పనిముట్టునూ మూలమట్టమనే అంటారు కనుక ఈ పేరును పిల్లలకు ప్రత్యేకంగా నేర్పవలసిన అవసరం కూడా రాలేదు.

చెక్క ముక్క చేతిలో తిరుగుతుంది కాబట్టి మరో మేలు కూడా జరిగింది. అడ్డగీత మీద కూర్చున్న చతురస్రాన్ని చతురస్రమనే పిల్లలు, అదే ఆకారాన్ని ఒక మూల మీద నిలబెడితే డైమండ్ అంటారు; అడుగున శిఖరం ఉన్న త్రిభుజాన్ని చూసి "తలకిందులైంది" అంటారు. మూలమట్టాన్ని బల్లకు ఆనించి మెల్లగా తిప్పుతూ, ప్రతి మలుపులోనూ చుట్టూ సుద్దతో గీసి చూపిస్తే, వంగినా వాలినా కోణాలూ భుజాలూ మారవని వారి కళ్లకే కనిపిస్తుంది.

ఇక వృత్తలేఖిని. కొన్న రెండో నెలలోనే దాని మర వదులైంది. వ్యాసార్థాన్ని మార్చకుండా వృత్తం మీద ఆరు చాపాలు వేస్తే ఆరు రేకుల పువ్వు వస్తుందని ఊరించి గీయబోతే, సుద్దను నొక్కేకొద్దీ కాళ్లు విచ్చుకుని, ఆరో రేకు మొదటి రేకు మీదికి వేలెడు ఎక్కింది. "రేకు మీద రేకు పడింది టీచర్" అని ముందు వరుస నవ్వింది. సైకిలు ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి మర కింద వేశాను, మొన జారకుండా దానికీ ఒక ముక్క అంటించాను, కొంత మెరుగుపడింది. అయినా పెద్ద వృత్తానికి నేను దారాన్నే నమ్ముతాను. మేకుకు దారాన్ని గట్టిగా ముడివేస్తే అది మేకుకు చుట్టుకుంటూ వ్యాసార్థాన్ని తగ్గిస్తుంది కనుక, మేకు దగ్గర వదులు ఉచ్చు వేసి, సుద్దను నిటారుగా పట్టి, దారం బిగువు తగ్గకుండా తిప్పాలి.

కోణమానిని మీది అంకెలు మూడేళ్లకే చెరిగిపోయాయి. ఐదో తరగతి వరకు దాని అవసరం తక్కువే కనుక పెద్దగా బాధ పడలేదు. స్కేలు విషయంలో ఒక చిక్కు ఉంది. దీని సున్నా సరిగ్గా అంచు దగ్గరే మొదలవుతుంది, పిల్లల ప్లాస్టిక్ స్కేళ్లలో చాలావాటికి సున్నా అంచు నుంచి కొన్ని మిల్లీమీటర్లు లోపల ఉంటుంది. బల్ల మీద నేను అంచు నుంచి కొలవడం చూసి వారూ అంచు నుంచే కొలిచారు. నోటు పుస్తకాల్లో గీతలన్నీ పొడుగయ్యాయి. అప్పటి నుంచి నేను బల్ల మీద కూడా 10 దగ్గర మొదలుపెట్టి కొలుస్తున్నాను.

ఈ సెట్ అంతా ఉపాధ్యాయుని చేతి పనిముట్టే, పిల్లల చేతికి ఇందులో ఏమీ లేదు. ఆ లోటును ముగ్గు చుక్కలతో పూడ్చాను. సరిచుక్కలు పెట్టి ఇస్తే చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు చక్కగా వస్తాయి. సమబాహు త్రిభుజం మాత్రం ఎన్ని చుక్కలు పెట్టినా చుక్కల మీద కచ్చితంగా కుదరదు. దానికి సందుచుక్కలు కావాలి. 15 చుక్కల నుంచి 8 వరకు ఇరువైపులా తగ్గించుకుంటూ పోతే, సంక్రాంతికి వాకిట్లో ఎరిగిన ఆ చుక్కల చుట్టుగీతే షడ్భుజి. అది క్రమ షడ్భుజి కావాలంటే చుక్కల మధ్య 10 సెంటీమీటర్లున్నప్పుడు వరుసల మధ్య సుమారు 8.7 సెంటీమీటర్లే ఉండాలి, లేకపోతే ఆకారం నిలువుగా సాగుతుంది.

కొత్తగా కొనేవారు వృత్తలేఖిని కాళ్లు విప్పి, మర బిగించి, గట్టిగా నొక్కి చూడాలి. మూలమట్టంతో ఒక అడ్డగీత మీద నిలువుగీత గీసి, మూలమట్టాన్ని బోర్లించి అదే బిందువు నుంచి మళ్లీ గీయాలి. రెండు గీతలూ కలిస్తే లంబకోణం సరైనదే. తొమ్మిదేళ్ల తర్వాత నా మూలమట్టంతో గీసిన గీతల మధ్య పైకొసన వచ్చిన ఎడం సుద్దగీత మందం కన్నా తక్కువే.