ఇంటి లేత్‌కు పాత టూళ్లు: ఏళ్లు వాడాక నా లెక్క

లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ టూలుతో కోసే మిషన్) కొన్న రోజు పెట్టే డబ్బుతోనే ఖర్చు అయిపోదు. జాబును (కోయాల్సిన ముక్కను) పట్టే చక్కులు, దాన్ని కోసే టూల్ బిట్లు, దాని చివర ఆనించే సెంటర్లు, డ్రిల్ చక్కు, మైక్రోమీటరు అన్నీ కొత్తవే తెచ్చుకుంటే పాత నాలుగున్నర అడుగుల మిషన్ ధర దాటిపోతుంది. అందుకే నేను మొదటి నుంచీ సెకండ్‌హ్యాండ్ దారే పట్టాను. మాది అనంతపురం. ఇంటి వెనక రేకుల షెడ్డులో బెల్టుతో తిరిగే లేత్, దానికి సింగిల్ ఫేజ్ ఒక హెచ్‌పీ మోటారు. చేసేవి చిన్న పనులే: మోటార్లకు బుష్‌లు, స్ప్రేయర్ పార్టులు, తెలిసినవాళ్ల డ్రిప్పు ఫిల్టర్లకు అడాప్టర్లు. ఈ ఏళ్లలో కొన్న పాత సరుకులో ఏది నిలిచింది, ఏది తిరిగి తూకానికి పోయింది అన్నదే ఈ సమీక్ష.

తొందరలో ఉన్నవాళ్లకు తీర్పు ముందే చెప్పేస్తా. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్లు, ఫోర్ జా (నాలుగు దవడల) చక్కు, మంచి కంపెనీ మైక్రోమీటరు పాతవే కొనండి. లైవ్ సెంటరు (జాబుతో పాటు తిరిగే సెంటరు), ట్యాపులు (రంధ్రంలో మరలు కోసేవి) కొత్తవే కొనండి. త్రీ జా చక్కు మాత్రం చేత్తో పట్టుకుని చూడందే డబ్బు తీయొద్దు.

ఎక్కడ దొరుకుతాయి అన్నది మొదటి ప్రశ్న. మన జిల్లాలో లేత్ షాపులకు కొదవ లేదు. సబ్‌మెర్సిబుల్ మోటార్లు చెడినంత కాలం, ట్రాక్టర్ ట్రాలీలు విరిగినంత కాలం వాటికి పని ఉంటుంది. కానీ పాత టర్నర్లు ఒక్కొక్కరే మానుకుంటున్నారు, పిల్లలు ఆ పనికి రావడం లేదు. షాపు ఎత్తేసేటప్పుడు మిషన్‌ను ఎవరో ఒకరు కొనుక్కుపోతారు. డ్రాయర్లలో ముప్పై ఏళ్లుగా చేరిన టూళ్లను మాత్రం పాత ఇనుములో కలిపి తూకానికి వేస్తారు. మనకు కావలసిన సరుకు అదే. పాత ఇనుము కొనే గుజిరీ అంగడివాడి కంటే ముందే అక్కడికి చేరాలి. నేను మోటారు వైండింగ్ చేసే ఒకాయనకు చెప్పిపెట్టాను, "ఎవరన్నా షాపు తీసేస్తాంటే ఒక మాట చెప్పన్నా" అని. నాకు దొరికిన మంచి వస్తువుల్లో సగం ఆ ఒక్క మాట వల్లే దొరికాయి. ఆ షాపు ఇంటివాళ్ల దగ్గర కొనేటప్పుడు కిలో లెక్క కాకుండా వస్తువు విలువ చెప్పి ఇవ్వడం మర్యాద. వాళ్లకు అది ఏమిటో తెలియదు కదా అని ఇనుము రేటు కట్టడం నాకు నచ్చదు.

గుజిరీ అంగళ్లలో బేరం వేరే తీరు. మొదటిసారి "ఇనుమే కదప్పా, తూకానికి ఇస్తా తీసుకో" అంటాడు. మళ్లీ పోయేసరికి "ఇది టూలు స్టీలు, దీని రేటు వేరే" అంటాడు. అబద్ధమేమీ కాదు. హెచ్‌ఎస్‌ఎస్‌లో టంగ్‌స్టన్, మాలిబ్డినం, కొన్నిటిలో కోబాల్ట్ ఉంటాయి కాబట్టి దాని తుక్కుకు కూడా మామూలు ఇనుము కంటే చాలా ఎక్కువ ధర పలుకుతుంది.

ఊళ్లో దొరకనిదానికి బెంగళూరే. ఇక్కడి నుంచి సుమారు 210 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. ఎస్‌పీ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో పాత టూళ్లు దొరుకుతాయి, బేరానికి తెలుగు సరిపోతుంది. అక్కడి పారిశ్రామికవాడ పీణ్యలో సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మిషన్ల) షాపులు ఎక్కువ కాబట్టి కార్బైడ్ ఇన్సర్టులు (హోల్డరుకు బిగించే గట్టి కోత ముక్కలు), హోల్డర్లు అటువైపు నుంచి వస్తాయి. హైదరాబాద్‌కు దగ్గరగా ఉండేవాళ్లకు రాణిగంజ్ ఉంది. బళ్లారి మనకు ఇంకా దగ్గరే గానీ, అక్కడ నాకు కనిపించిన సామానంతా పెద్ద మిషన్లదే, టూలును బిగించే మన టూల్ పోస్టులో పట్టదు.

ఇక వస్తువుల సంగతి. పెట్టిన రూపాయికి నాకు ఎక్కువ పని చేసింది హెచ్‌ఎస్‌ఎస్ బిట్లే. చదరపు ముక్క సగం అరిగినా మిగతా సగం కొత్తదే, సాన పడితే మళ్లీ అంచు వస్తుంది. మిరండా కంపెనీ ఎస్-400 అని గుర్తు ఉన్న బిట్టు కనిపిస్తే వదలొద్దు. అది కోబాల్ట్ కలిసిన రకం, గట్టి స్టీలు మీద కూడా అంచు ఎక్కువ సేపు నిలుస్తుంది. అయితే పాత బిట్లలో చాలావాటికి పేరు అరిగిపోయి ఉంటుంది. అప్పుడు అంగట్లోనే గ్రైండర్‌కు ఒక్క క్షణం ఆనించమనండి. హెచ్‌ఎస్‌ఎస్ అయితే నిప్పురవ్వలు తక్కువగా, మందంగా, ఎర్రగా రాలతాయి. మామూలు కార్బన్ స్టీలు అయితే కాకరపువ్వొత్తి వెలిగించినట్టు తెల్లగా చిట్లుతాయి. కార్బన్ స్టీలు బిట్టు గ్రైండింగ్‌లో నీలం రంగు తిరిగిందంటే పదును నిలవదు. హెచ్‌ఎస్‌ఎస్ దాదాపు 600 డిగ్రీల దాకా గట్టిదనం పోగొట్టుకోదు. తేడా అంతా అక్కడుంది.

విరిగిన పెద్ద డ్రిల్లులతో బిట్లు చేసుకోవచ్చని చాలామంది చెప్తారు. చేసుకోవచ్చు గానీ మురి ఉన్న భాగంతోనే. టేపర్ షాంకు డ్రిల్లుల్లో షాంకు (బిగించే కాడ) చాలాసార్లు మెత్తటి స్టీలు, హెచ్‌ఎస్‌ఎస్‌కు వెల్డు చేసి ఉంటుంది. పార్టింగ్ టూలుకు (జాబును తెగగోసేదానికి) మాత్రం నా ఓటు విరిగిన పవర్ హ్యాక్‌సా బ్లేడుకే. పూర్తి హెచ్‌ఎస్‌ఎస్ బ్లేడు అయి ఉండాలి, పళ్ల దగ్గర మాత్రమే హెచ్‌ఎస్‌ఎస్ అతికిన బైమెటల్ రకం పనికిరాదు. ముక్క కోసి, కింద కొంచెం సన్నబడేలా రెండు పక్కలా సాన పట్టి, చిన్న హోల్డరులో బిగిస్తే ఏళ్ల తరబడి వస్తుంది. టూలు కింద ప్యాకింగ్‌కు కూడా అవే బ్లేడు ముక్కలు వాడుతున్నాను.

కార్బైడ్ ఇన్సర్టుల దగ్గర చాలామంది ఆశపడతారు. పీణ్య సరుకులో సీల్ తీయని డబ్బాలు కొత్తదాని ధరలో మూడో వంతుకు కూడా దొరుకుతాయి. ఆశపడే ముందు ఒక లెక్క వేసుకోండి. 25 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీలు) రాడ్డును నిమిషానికి 500 చుట్లు తిప్పితే కటింగ్ స్పీడు నిమిషానికి 39 మీటర్లే. హెచ్‌ఎస్‌ఎస్‌కు అది చాలు, కొంచెం ఎక్కువే. కోటింగ్ ఉన్న ఇన్సర్టుకు స్టీలు మీద 100 మీటర్లు దాటాలి, అంటే అదే రాడ్డుకు 1270 చుట్లు. నా మిషన్ అంత వేగం పోదు. పైగా సీఎన్‌సీ షాపుల్లో మిగిలేవి ఎక్కువగా సీఎన్‌ఎంజీ రకం. వాటిలో రెండో అక్షరం ఎన్ అంటే ఇన్సర్టు పక్కలకు వాలు లేదని అర్థం. ఆ రకం లోహాన్ని కోయడం కంటే తోస్తుంది అనాలి. దానికి బలమైన మోటారు, కదలని టూల్ పోస్టు కావాలి. నా దగ్గర పెడితే జాబు మీద అలలు వచ్చాయి, బెల్టు జారింది.

ఇంటి లేత్‌కు వెతకాల్సింది రెండో అక్షరం సీ ఉన్నవి: సీసీఎంటీ, డీసీఎంటీ లాంటివి, 12 మిల్లీమీటర్ల షాంకు హోల్డరుతో. నంబరు చివర 04 ఉంటే ముక్కు గుండ్రం 0.4 మిల్లీమీటర్లు, తేలిక మిషన్‌కు అది 08 కంటే మేలు. అల్యూమినియం కోసం చేసిన సీసీజీటీ ఇన్సర్టు మెరుస్తూ, చాలా పదునుగా ఉంటుంది. ఎంఎస్ మీద చివరి సన్న కోతకు నేను అదే పెడతాను, ఫినిషింగ్ బాగా వస్తుంది. వాడి తీసేసిన ఇన్సర్టులను కిలో లెక్కన అమ్మేవాళ్లు ఉన్నారు, వాటి జోలికి పోకండి. భూతద్దంలో చూస్తే ప్రతి మూలా చిట్లే ఉంటుంది.

వెల్డు టిప్పు టూళ్లు (స్టీలు కాడకు కార్బైడ్ ముక్క అతికినవి) వేరే కథ. చవక, మళ్లీ సాన పట్టుకోవచ్చు, బెల్టు లేత్ వేగానికి కూడా సర్దుకుంటాయి. స్టీలుకు పీ30 గ్రేడు, కాస్ట్ ఐరన్‌కూ గన్ మెటల్‌కూ (ఒక రకం కంచు) కే20 గ్రేడు అని చూసి తీసుకోవాలి. వీటికి మామూలు బూడిద రంగు సానరాయి పనికిరాదు, ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయి కావాలి. వేడెక్కిన టిప్పును నీళ్లలో ముంచితే పగులుతుంది.

ఇప్పుడు చక్కు. పాత సామాన్లలో ఎక్కువ డబ్బు, ఎక్కువ మోసం ఇక్కడే. నాకు దొరికిన త్రీ జా చక్కు ప్రాగా వాళ్లది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలై, తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చిన కంపెనీ అది, చివరికి హెచ్‌ఎంటీలో కలిసిపోయింది. బాడీ బరువు, జాలను కదిపే స్క్రోలు గట్టిదనం చూస్తే ఈ రోజు అదే ధరకు దొరికే పేరులేని కొత్త చక్కు దాని పక్కన నిలబడదని నా అభిప్రాయం. కానీ కంపెనీ పేరు ఒక్కటే చూసి కొనకూడదు.

నేను చూసేవి ఇవి. జాల మీద 1, 2, 3 నంబర్లు, వాటి పక్కన ఉన్న సీరియల్ నంబరు బాడీ మీదిదానితో కలవాలి. కలవకపోతే అవి వేరే చక్కు జాలు, ఎప్పటికీ సెంటరుకు రావు. బయటి జాల సెట్టు కూడా ఉందా అని అడగాలి. అది లేని చక్కు సగం చక్కే, విడిగా దొరకదు. తర్వాత నున్నటి రాడ్డు ముక్క ఒకటి బిగించి వెలుతురుకు పట్టి చూడాలి. ఎన్నో ఏళ్లు వాడిన చక్కు జాలు ముందు వైపు అరిగి గంట నోరులా విచ్చుకుంటాయి. లోపల పట్టు ఉంటుంది, ముందు సన్నటి సందు కనిపిస్తుంది. వెలుతురు చాలకపోతే పలచటి కాగితం ముక్క జా ముందు భాగంలో పెట్టి బిగించి లాగండి, సులువుగా వచ్చేస్తే అరిగినట్టే. చివరగా జాలు తీసేసి, బాడీని తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాలి. ఖంగుమని మోగాలి. మొద్దుగా పలికితే పగులు ఉండొచ్చు, అలాంటిది ఎంత చవకైనా వద్దు. తిరిగే చక్కు పగిలితే ముక్క ఎటు వస్తుందో తెలియదు.

నా ప్రాగా చక్కు జాలు కొంచెం విచ్చుకునే ఉన్నాయి. తెలిసే తీసుకున్నాను, ధర అందుకు తగ్గట్టే తగ్గింది. టూల్ పోస్టులో డై గ్రైండరు కట్టి, జాల వెనక భాగంలో రింగు పెట్టి బిగించి, బెడ్డు మీద గుడ్డ కప్పి జాలను సన్నగా గ్రైండ్ చేశాను. అంతకు ముందు ఊగుడు కొలిచే డయల్ గేజి ముల్లు చాలా ఊగేది. ఇప్పుడు మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉంది. త్రీ జా చక్కు నుంచి అంతకంటే ఆశించడం కూడా తప్పే. బ్యాక్ ప్లేటు (చక్కును లేత్‌కు తగిలించే ప్లేటు) మాత్రం ఏ చక్కుకైనా మన స్పిండిల్ (లేత్‌లో తిరిగే ఇరుసు) మీద బిగించి, మన మిషన్‌లోనే ఫేసింగ్ చేసి ముఖం చదును చేసుకోవాలి. ఇంకొకరి ప్లేటు అలాగే తగిలిస్తే చక్కు ఎంత మంచిదైనా ఊగుతుంది.

ఇంత టెన్షన్ వద్దనుకుంటే ఫోర్ జా చక్కు కొనండి. ప్రతి జా విడిగా కదులుతుంది, డయల్ పెట్టి సెంటరు మనమే తెస్తాం కాబట్టి పాతదైనా నష్టం లేదు. అందరూ త్రీ జా అడుగుతారు, అందుకే ఇది చవక. మొదట్లో జాబు కట్టడానికి చాలాసేపు పట్టేది, చేయి అలవాటు పడ్డాక అదేం పెద్ద పని కాదు. ఇప్పుడు నా లేత్ మీద ఎక్కువ రోజులు ఉండేది ఇదే.

కొలత పనిముట్లలో పాత మిటుటోయో మైక్రోమీటరు కొత్త చవక డిజిటల్ కంటే ఎన్నో రెట్లు మేలు. పరీక్షించడానికి స్లిప్ గేజీలు (కచ్చితమైన కొలత దిమ్మలు) అక్కర్లేదు, జేబులో కొత్త 608 బేరింగు ఒకటి వేసుకుని వెళ్లండి. దాని బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు, తేడా ఉంటే కొన్ని మైక్రాన్లు తక్కువ, అంతే. సున్నా దగ్గర సరిగా ఉండి, 22 దగ్గర కూడా సరిగా చూపిస్తే స్క్రూ బాగున్నట్టే. వెర్నియర్‌కు 6202 బేరింగు: లోపల 15, బయట 35. బేరింగు వెడల్పు మీద మాత్రం ఆధారపడొద్దు, దానికి అంత కచ్చితత్వం ఇవ్వరు.

ఆన్‌లైన్‌లో కొన్నది నాకు అంతగా కలిసి రాలేదు. ఒక అమ్మకందారు ఎంటీ2 (మోర్స్ టేపర్ అనే వాలు కాడ సైజు) అని చెప్పి ఎంటీ3 ఆర్బరున్న డ్రిల్ చక్కు పంపాడు, తిరిగి తీసుకోలేదు. అప్పటి నుంచి పెద్ద చివర మీద వెర్నియర్ పెట్టి ఫొటో పంపమంటున్నాను. 17.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ఎంటీ2, 23.8 దగ్గర ఉంటే ఎంటీ3. ఫొటో పంపనివాడి దగ్గర కొనను. పాత లైవ్ సెంటర్లు అయితే చేత్తో తిప్పినప్పుడు బాగానే ఉంటాయి, లోడు పడగానే బేరింగులు గరగరమంటాయి. ట్యాపుకు ఒక్క పన్ను చిట్లి ఉన్నా జాబులోనే విరుగుతుంది, అప్పుడు జాబూ పోతుంది, ఆ రోజూ పోతుంది.

చాలా కాలం దొరకనిది 127 పళ్ల గేరు. నా లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు టూలును నడిపే పొడవాటి స్క్రూ) అంగుళం లెక్కది, అంగుళానికి నాలుగు మరలు. మిల్లీమీటరు మరలు కచ్చితంగా కోయాలంటే ఆ గేరు ఉండాలి, ఎందుకంటే 5 అంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు. చివరికి మూసేసిన ఒక షాపులో గోడకు తగిలించి ఉంది. గేరు కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టి రెండు కలపండి, బయటి వ్యాసాన్ని దానితో భాగించండి, మాడ్యూల్ (పన్ను సైజు లెక్క) వస్తుంది. 127 పళ్లకు 258 మిల్లీమీటర్లు ఉంటే మాడ్యూల్ 2. మీ మిషన్ గేర్లదీ అదే లెక్క రావాలి, లేకపోతే కలవదు.

ఇంకా వెతుకుతున్నది స్టెడీ రెస్టు (పొడవాటి జాబు ఊగకుండా మధ్యలో పట్టే స్టాండు). ఒక్కో మిషన్ బెడ్డు వీ ఆకారం, సెంటరు ఎత్తు ఒక్కో రకం కాబట్టి వేరే లేత్‌ది తెచ్చినా కూర్చోదు. గుత్తి రోడ్డు వైపు ఒక గుజిరీలో రెండు చూశాను, రెండూ పెద్ద మిషన్లవే. ఈ ఎండాకాలం లోపు దొరక్కపోతే మందపాటి ప్లేటు కోయించి, వెల్డు చేసి నేనే కట్టుకుంటాను. జాబును ఆనే దాని వేళ్లకు గన్ మెటల్ ముక్కలు ఇప్పటికే తెచ్చి పెట్టాను.